ఒకసారి లేదన్నాక

ఆ ఆఫీసులో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరికీ ఆమె గోదామక్క. అలాగని అక్కడ గోదామూ లేదు, బస్తాలూ లేవు, ఎలకలూ లేవు. మేడ మీద ఒక పొడవాటి హాలు, అద్దాల గోడలు, తెల్లని బల్లలు, బల్లకో కంప్యూటరు. గోదామక్క కాపలా కాసే గోదాం కంటికి ఆనేది కాదు. చిన్న గదిలో నిలువెత్తు సర్వరు పెట్టె ఒకటుంటే, అందులో ఉండేది. తలుపు సందులోంచి దాని చప్పుడు మాత్రం వినపడేది, మధ్యాహ్నం కునుకు తీసే పెద్దమనిషి గురకలాగా.

సాఫ్ట్‌వేర్ చెయ్యడమంటే ఇల్లు కట్టడం లాంటిదేనట. మనుషులు రాసిందంతా ముక్కలు ముక్కలుగా పడి ఉంటుంది. ఆ ముక్కలన్నీ చేర్చి, పేర్చి, పనికొచ్చే వస్తువుగా నిలబెట్టే మేస్త్రి ఒకటుంటుంది. దాన్ని బిల్డ్ టూల్ అంటారు. మేస్త్రికి తాపీ కావాలి, మట్టంబద్ద కావాలి. ఈ మేస్త్రికీ అలాంటి పనిముట్లు కావాలి, వాటి పేరు ప్లగిన్లు. పని మొదలెట్టగానే ముందు తన సంచీలో వెతుక్కుంటుంది. సంచీలో లేకపోతే గోదాముకి కబురు పెడుతుంది. అక్కడా లేకపోతే గోదామే బయటి లోకంలోంచి దింపించి ఇస్తుంది. ఏ బల్లకి ఇవ్వచ్చు, ఏ బల్లకి ఇవ్వకూడదు అన్న సంగతి గోదాం పేజీలో వరసగా రాసి ఉంటుంది. ఆ పేజీ తెరిచే తాళం మాట గోదామక్కకి ఒక్కదానికే తెలుసు.

ఆ మేస్త్రికి ఒక వింత గుణం ఉంది. గోదాం ఒక్కసారి లేదందో, ఆ మాట గుండెల్లో పెట్టేసుకుంటుంది. తర్వాత సరుకొచ్చి గుమ్మం నిండా పడి ఉన్నా మళ్ళీ అడగదు. "ఇందాక లేదన్నారుగా" అని అలిగిన కోడల్లా మూతి ముడుచుకుని కూర్చుంటుంది. పక్కనున్నవాళ్ళు పూనుకుని, ఇంకోసారి అడగవే తల్లీ అని బలవంతంగా అడిగించాలి. ఇనుముకి కూడా అభిమానం ఉంటుందంటే ఏమనుకోవాలి చెప్పండి.

గోదామక్కది ఒంటరి బతుకు. ఇంటికెళ్తే గోడ గడియారం తప్ప పలకరించే దిక్కు లేదు. ఆమెకున్న ఆస్తల్లా ఒక స్నేహితురాలు. తయారైన సాఫ్ట్‌వేర్‌ని అటు నొక్కి ఇటు నొక్కి తప్పులు పట్టే పని ఆ మనిషిది. సన్నగా, గబగబా, కిచకిచమంటూ మాట్లాడుతుందని పిచ్చుక అనేవాళ్ళు. ఇద్దరిదీ ఒకటే డబ్బా, ఒకటే చెంచా. ఆఫీసు వ్యానులో ఒకటే సీటు. పిచ్చుక కిటికీ పక్కన, గోదామక్క ఆమె పక్కన. "మీ ఇద్దరికీ కలిపి ఒక కుర్చీ కొంటే ఆఫీసుకి కలిసొచ్చేది" అని మేనేజరు వేళాకోళం చేసేవాడు. ఆ మాట వింటే గోదామక్కకి పాయసం తాగినంత హాయిగా ఉండేది.

అలాంటి చోటికి కొత్తమ్మాయి వచ్చింది.

చెడ్డ పిల్ల కాదు. అదే గోదామక్కకి మరీ కంటగింపు. చెడ్డదైతే తిట్టుకోవచ్చు కదా. ఆ పిల్ల నవ్వితే పిచ్చుక నవ్వేది. ఆ పిల్ల డబ్బా మరిచిపోయి వస్తే పిచ్చుక తన చెంచా ఇచ్చేది. ఒక రోజు వ్యాను ఎక్కేసరికి కొత్తమ్మాయి కూర్చుని ఉంది, పిచ్చుక పక్కన. "అక్కా, ఇవాళ్టికి వెనక సర్దుకో, మేమిద్దరం ఒక మాటలో ఉన్నాం" అంది పిచ్చుక. గోదామక్క వెనక సర్దుకుంది. దారి పొడుగునా ముందు సీటులో రెండు తలలు ఒకదాని వైపు ఒకటి వాలుతుంటే చూసింది. పాలకుండలో ఉప్పురాయి వేసింది ఎవరో ఆమెకి అప్పుడు తెలిసింది.

మర్నాడు గోదాం పేజీ తెరిచి ఒక వరస రాసింది. అక్కడ కంప్యూటర్లకి కూర్చునే చోటును బట్టి పేర్లు పెట్టుకున్నారు. గోదామక్కది మూల. కొత్తమ్మాయిది కిటికీ. ఒక ప్లగిన్ పేరు రాసి, దాని పక్కన "కిటికీకి ఇవ్వవద్దు" అని చేర్చింది. అంతే. చిన్న వరస. కడుపులో మంట కాస్త చల్లారినట్టయింది.

కొత్తమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. "అక్కా, ఈ ప్లగిన్ దిగట్లేదు. దొరకలేదంటోంది. ఒక్కసారి చూస్తారా?"

"నీ దగ్గరే ఏదో తప్పుండుంటుంది. సరిగ్గా చూసుకో."

పాపం, చూసుకుంది. నెట్ వస్తోందా అని చూసింది. వైరు పీకి పెట్టింది. ప్లగిన్ పేరు అక్షరం అక్షరం సరిపోల్చుకుంది. సంచీలో ఉన్నవన్నీ చెరిపి మొదట్నుంచి దింపించింది. అన్నీ దిగేవి, అదొక్కటే దిగేది కాదు. గోదామక్క ఊహించనిది ఏమిటంటే, సాయం చెయ్యడానికి పిచ్చుక కుర్చీ లాక్కుని వెళ్ళి ఆ పిల్ల పక్కనే కూర్చుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క తెర ముందు రెండు తలలు. విడదీద్దామని గొడ్డలి వేస్తే చెట్లు రెండూ ఒకదాని మీదకి ఒకటి ఒరిగాయి.

అది చూడలేక, తర్వాతి రోజు ఆ వరస తీసేసింది. జాలితో కాదు. అది మనం సరిగ్గా తెలుసుకోవాలి. చూడలేక తీసేసింది.

కానీ కిటికీ దగ్గరి మేస్త్రి అలిగి కూర్చుంది కదా. ఇవ్వడానికి గోదాం సిద్ధంగా ఉన్నా అది మళ్ళీ అడగనే అడగదు. తెర మీద అదే మాట. దొరకలేదు. "బలవంతంగా ఇంకోసారి అడిగించు" అని ఒక్క ముక్క చెబితే కొత్తమ్మాయి పని రెండు నిమిషాల్లో తెమిలేది. గోదామక్కకి ఆ ముక్క తెలుసు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. టీ తాగి దాన్ని మింగేసింది.

వ్యాను హారను వేసింది. "మీరు వెళ్ళండి, నేను ఇది తేల్చుకుని వస్తాను" అంది కొత్తమ్మాయి. ఆ సాయంత్రం వ్యానులో గోదామక్క తన పాత సీటులో, పిచ్చుక పక్కన కూర్చుంది. బయట వాన పట్టుకుంది. ఆ వానలో నడిచి వెళ్తూ కొత్తమ్మాయి లారీ కింద పడిందన్న కబురు మర్నాడు పొద్దున తెలిసింది.

ఇదంతా అయి కొన్నాళ్ళయింది. కిటికీ బల్ల మీద కంప్యూటరుకి ఎవరో గుడ్డ కప్పారు. కరెంటు వైరు చుట్ట చుట్టి పైన పెట్టారు. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పిచ్చుక కిచకిచలు ఆగిపోయాయి. డబ్బా మళ్ళీ ఒకటైంది గానీ ముద్ద దిగేది కాదు. పక్కన కూర్చునేది, ఎటో చూసేది. బతికున్నప్పుడు సగం తీసుకుపోయింది, పోయి మొత్తం తీసుకుపోయింది అనుకుంది గోదామక్క. పోయినవాళ్ళ మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో చూడండి. వాళ్ళు తప్పు చెయ్యరు, ముసలివాళ్ళు కారు, ఒక్క మాట తూలరు.

సెలవు రోజు మధ్యాహ్నం మేనేజరు ఫోను చేశాడు. ఆస్పత్రి వాళ్ళకి పొద్దున్నే అందాల్సిన సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు బయటపడిందట. "దిద్దింది పంపాను. నువ్వెళ్ళి బిల్డ్ చెయ్యి. పిచ్చుక పరీక్ష చూస్తుంది. మీరిద్దరే, ఇంకెవరూ రారు."

మీరిద్దరే. ఆ మాటకి గోదామక్క మంచి బట్టలు వేసుకుని బయల్దేరింది.

ఆకాశం మూత వేసినట్టుంది. మిట్టమధ్యాహ్నమే గానీ హాల్లో దీపం లేకపోతే చెయ్యి కనపడేలా లేదు. సెలవు కదా, సగం దీపాలు వెలగవు. ఏసీ ఆపేసి ఉంది. గాలి ఆడని తివాచీ వాసన, పాత కాగితం వాసన. సర్వరు గదిలోంచి గురక. అద్దాల మీద సన్నగా చినుకులు.

పిచ్చుక అప్పటికే వచ్చి ఉంది. "ఏంటక్కా, పెళ్ళికి వచ్చినట్టు వచ్చావు?"

"సెలవు రోజు కదా."

"సెలవు రోజు మనుషులు ఇంట్లో పడుకుంటారు. మనం తప్ప."

ఎన్నాళ్ళకో ఒక వేళాకోళం. గోదామక్క ప్రాణం లేచొచ్చింది. మూల బల్ల దగ్గర కూర్చుని బిల్డ్ మొదలెట్టింది. వరసలు వరసలుగా తెర కదిలింది. ఇది దిగింది, అది దిగింది... ఆగింది. ఎర్రగా ఒక వరస.

ప్లగిన్ దొరకలేదు.

పిచ్చుక ఆమె భుజం మీదుగా వంగి చదివింది. గొంతు తగ్గిపోయింది. "ఇదే కదక్కా... ఆ పిల్లకి దిగనిది."

"ఇలాంటివి మామూలే" అంది గోదామక్క.

"నేను నా దాంట్లో చూస్తానుండు."

పిచ్చుక మసక గాజు తడిక అవతల తన బల్ల దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణుంచే కేకేసింది. "నాకు దిగిందక్కా. శుభ్రంగా దిగింది. నీ దగ్గరే ఏదో తప్పుండుంటుంది."

ఈ మాట ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో ఏమిటి, తన నోటి మాటే.

గోదామక్క నెట్ చూసింది. వస్తోంది. ప్లగిన్ పేరు అక్షరం అక్షరం చూసింది. సరిగ్గానే ఉంది. సంచీలో ఉన్నవి చెరిపి మొదట్నుంచి దింపించింది. అన్నీ దిగాయి, అదొక్కటే దిగలేదు. ఇక చూడాల్సింది ఒకటే మిగిలింది. చెయ్యి రాకపోయినా గోదాం పేజీ తెరిచింది.

కొత్త వరస ఒకటుంది అందులో.

"మూలకి ఇవ్వవద్దు."

అదే ప్లగిన్. అదే మాట. తను రాసినట్టే రాసి ఉంది, చోటు పేరు ఒక్కటే వేరు. ఎవరు రాశారో పక్కన చూపిస్తుంది. చూసింది. తన పేరే.

మేనేజరుకి తాళం మాట తెలిసిపోయిందేమో. ఎవరైనా ఆట పట్టిస్తున్నారేమో. అలా అనుకుంటూ ఆ వరస తీసేసింది. బలవంతంగా మళ్ళీ అడిగించింది.

దొరకలేదు.

పేజీ మళ్ళీ తెరిచింది. వరస అక్కడే ఉంది. తీసేసింది. ఈసారి పేజీ మూయలేదు. కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది.

ఖాళీ చోట ఒక అక్షరం పడింది.

ఆగింది.

ఇంకో అక్షరం పడింది. తీరుబడిగా... ఎవరో ఒక్క వేలితో కొడుతున్నట్టు. మూ... ల... కి...

చప్పుడు కూడా వినపడింది. టక్. మళ్ళీ టక్. తన కీబోర్డు మీద తన చేతులు లేవు. చప్పుడు కిటికీ వైపు నుంచి వస్తోంది.

మెడ తిప్పడానికి ఎంతసేపు పట్టిందో. కిటికీ బల్ల మీద గుడ్డ కప్పినట్టే ఉంది. కరెంటు వైరు చుట్ట చుట్టినట్టే ఉంది. కానీ గుడ్డ కింద వెలుగు. పలచని, నీలం వెలుగు. గుడ్డ నేతలో పోగులు పోగులుగా కనపడుతోంది.

వాసన వచ్చింది. తడిసిన బట్టలు మూట కట్టి మరిచిపోతే వస్తుందే, ఆ వాసన. కింద నుంచి, తివాచీ లోంచి వస్తోంది.

"పిచ్చుకా" అని పిలిచింది.

అప్పుడు వింది. గాజు తడిక అవతల గుసగుసలు. పిచ్చుక గొంతు చిన్నగా ఏదో అంటోంది, ఆగి వింటోంది, మళ్ళీ అంటోంది. జవాబు చెప్పే గొంతు మాత్రం వినపడట్లేదు. ఆ తర్వాత పిచ్చుక నవ్వింది. ఏడ్చి తేలికపడ్డవాళ్ళు నవ్వే నవ్వు. కొత్తమ్మాయి పోయాక ఆ నవ్వు ఎవరూ వినలేదు. గోదామక్కతో అయితే పిచ్చుక అంతకు చాలా ముందే అలా నవ్వడం మానేసింది.

ఇక్కడ ఒక సంగతి చెబితే మీరు నమ్ముతారో లేదో. ఆమెకి భయం పోయింది. భయం ఉన్నచోట భగ్గుమని ఇంకోటి లేచింది. ఎవరితో నవ్వుతోంది? నేను ఇక్కడ చస్తుంటే ఎవరితో నవ్వుతోంది?

లేచి గబగబా తడిక దాటింది.

పిచ్చుక ఒక్కతే ఉంది. పక్కన ఇంకో కుర్చీ, దగ్గరగా లాగి ఉంది. బల్ల మీద టీ కప్పులు రెండు. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా.

"మొహం కడుక్కొచ్చావా?" అంది పిచ్చుక, కళ్ళు తుడుచుకుంటూ.

"నేనా?"

"ఇంకెవరు? ఇంతసేపూ ఇక్కడ కూర్చుని ఏడ్చి ఏడ్చి లేచావు. చూడు, భుజమంతా తడిపేశావు."

చూసింది. పిచ్చుక ఎడమ భుజం తడిసి ఉంది. కన్నీళ్ళకి తడిసినట్టు కాదు. చెయ్యి పొడుగునా తడి పాకింది. మోచేతి దగ్గర నీళ్ళు బొట్లు బొట్లుగా కిందికి జారుతున్నాయి.

"ఏం... ఏం చెప్పాను నేను?"

పిచ్చుక ఆమె చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేదక్కా. ఆ వరస రాసింది నువ్వేనని చెప్పావు. తీసేశాక కూడా, ఇంకోసారి అడిగించమని ఒక్క ముక్క అనలేదని చెప్పావు. అన్నట్టయితే ఆ పిల్ల మనతో పాటు వ్యాను ఎక్కేదని చెప్పావు. నాకు కోపం రాలేదనుకోకు. లేచి చెంప మీద కొడదామనిపించింది. కానీ నీ అంతట నువ్వే నోరు విప్పి చెప్పుకుని, నా భుజం మీద పడి అలా ఏడిస్తే... ఏం చెయ్యను? నాకున్నదీ నువ్వొక్కదానివే."

నాకున్నదీ నువ్వొక్కదానివే. ఆ మాట కోసం గోదామక్క ఎన్నాళ్ళు కాచుకుందో దేవుడికి తెలుసు. ఇప్పుడు అది ఆమె ముందుకొచ్చి నిలబడింది. అవును అంటే చాలు. అవునే, నేనే, తప్పు చేశాను అంటే, ఆ చెయ్యి ఆ చేతిలోనే ఉండిపోయేది. అది తన మాటై పోయేది.

ఆమె కళ్ళు మాత్రం ఆ తడి భుజం దగ్గరే ఆగిపోయాయి. ఈ భుజం మీద వాలింది తను కాదు. ఈ ఓదార్పు తనది కాదు. తను ఒక్కనాడూ వాలని చోట ఇంకెవరో తల పెట్టుకుని, తన పేరు చెప్పుకుని, తన వాటా తిని వెళ్ళారు. కప్పులో టీతో సహా. కడుపులోంచి మంట గొంతుకి ఎగదన్నింది.

"నేను కాదు" అంది.

"ఏంటి?"

"నేను ఇక్కడికి రాలేదు. నేనేం చెప్పలేదు. వరసా లేదు, గిరసా లేదు. ఆ పిల్ల సంగతి నాకేం తెలీదు. లేదు."

పిచ్చుక ఆమె మొహంలోకి చూసింది. ఎవరినో వెతుకుతున్నట్టు చూసింది. ఆ చెయ్యి సడలింది... వేళ్ళు ఒక్కొక్కటే జారాయి. చూపు గోదామక్క మొహం మీద నుంచి పక్కకి, అక్కణ్ణుంచి గోడకి జరిగింది.

"అక్కా?" అని పిలిచింది పిచ్చుక. హాలంతా కలయజూస్తూ పిలిచింది. "ఇక్కడే ఉన్నావుగా ఇప్పటిదాకా. ఎటు వెళ్ళావు?"

"ఇక్కడే ఉన్నానే" అంది గోదామక్క.

పిచ్చుక వినలేదు. గోదామక్క ఆమె కళ్ళ ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు.

కిటికీ వైపు కుర్చీ చక్రం కీచుమంది.

"ఓ... అక్కడున్నావా" అంది పిచ్చుక. మొహం విప్పారింది. లేచి అటు నడిచింది, గోదామక్క పక్కనుంచే, గాలి తగిలేంత దగ్గరగా. కిటికీ బల్ల ముందు ఆగి వంగింది. గుడ్డ కింద వెలుగు ఆమె గడ్డం మీద పడింది.

"దిగిందా? ఏదీ... అబ్బ, దిగిందక్కా. బిల్డ్ కూడా అయిపోయింది. ఇంతసేపు ఏడిపించి చివరికి ఇక్కడ దిగిందన్నమాట." కాసేపు ఆగింది. ఎవరిదో మాట వింటున్నట్టు తల ఊపింది. "సర్లే, పరీక్ష ఇంటి దగ్గర్నుంచి చూస్తాను. ఇక్కడ నాకేమీ బాగాలేదు. పద, వెళ్దాం."

గోదామక్క అరిచింది. పేరు పెట్టి పిలిచింది. పిచ్చుక అసలు పేరు, ఎన్నేళ్ళుగానో ఎవరూ వాడని పేరు. భుజం పట్టుకుని లాగబోయింది. వేళ్ళకి చల్లటి తడి తగిలింది. తడి మాత్రమే.

పిచ్చుక దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ తలుపు దాకా వెళ్ళింది. తలుపు తీసి, ఎవరినో ముందు వెళ్ళనిస్తున్నట్టు పక్కకి తప్పుకుంది. తర్వాత తను వెళ్ళింది. అద్దం తలుపు మెల్లగా మూసుకుంది.

గోదామక్క పరిగెత్తింది. తన కార్డు తలుపు పక్కనున్న పెట్టెకి ఆనించింది. ఎర్ర దీపం. తుడిచి మళ్ళీ ఆనించింది. ఎర్ర దీపం. అద్దాన్ని గుద్దింది. మెట్ల మీద పిచ్చుక కిచకిచ కిందికి దిగిపోతోంది... దిగిపోయింది.

ఇక హాల్లో చీకటి. సర్వరు గురక కూడా వినపడట్లేదు. ఎప్పుడు ఆగిందో.

వీధి గేటు కనపడేది ఒక్క కిటికీ వైపు నుంచే. ఆ బల్ల పక్కన నిలబడడం ఇష్టం లేకపోయినా వెళ్ళి నిలబడింది. గుడ్డ కింద వెలుగు లేదిప్పుడు. కింద వాన జోరందుకుంది. వీధిలో మనుషులు లేరు. పిచ్చుక గేటు దాటింది. గొడుగు విప్పింది. విప్పి, పక్కకి వంచి పట్టుకుంది. ఆమె కుడి భుజం మీద వాన పడుతోంది. గొడుగు సగానికి పైగా ఖాళీ చోటుకి పట్టింది.

గోదామక్క ఫోను తీసింది. పిచ్చుక నంబరు వెతికింది. నొక్కింది.

కింద పిచ్చుక ఆగింది. ఫోను తీసి చూసుకుంది. చెవికి పెట్టుకుంది.

"ఎవరండీ?"

"నేనే... నేనే పిచ్చుకా. పైకి చూడు. కిటికీ దగ్గరున్నాను. నేనే రాశాను ఆ వరస. నేనే. నేనే చెప్పలేదు. అవును. విన్నావా, అవును..."

"సరిగ్గా వినపడట్లేదండీ. ఎవరు కావాలి?"

"గోదామక్కని. మీ అక్కని."

వాన చప్పుడు. పిచ్చుక పక్కకి తిరిగి చిన్నగా నవ్వడం కనపడింది, ఆ నవ్వు ఫోనులో వినపడింది.

"అక్క నా పక్కనే ఉందండీ. మీరెవరు?"

గోదామక్క నోరు తెరిచింది. అప్పుడు చూసింది, రోడ్డుని.

వీధంతా నీళ్ళు పారుతున్నాయి. పిచ్చుక వెనక గేటు దాకా ఆమె అడుగులు ఒక్కటీ నిలవలేదు, వాన కడిగేసింది. కానీ ఆమె పక్కన, గొడుగు వంచిన వైపు, గేటు నుంచి వరసగా అడుగులున్నాయి. చిన్నవి, ఆడపిల్లవి. అంత వానలోనూ పొడిగా, తెల్లగా ఎండిన అడుగులు. నీళ్ళు వాటి అంచుదాకా వచ్చి పక్కకి తప్పుకుని పోతున్నాయి.

పిచ్చుక ఫోను సంచీలో వేసుకుని నడిచింది. పక్కన ఒక పొడి అడుగు పడింది. ఇంకోటి పడింది.

ఆ తర్వాత పిచ్చుక ఒక్కతే ముందుకు పోయింది, గొడుగు అలాగే పక్కకి పట్టుకుని, మాట్లాడుకుంటూ.

అడుగులు మాత్రం అక్కడే ఆగాయి. కాసేపు కదల్లేదు.

తర్వాత ఒకటి పడింది. దాని వేళ్ళు కిటికీ వైపు తిరిగి ఉన్నాయి.